చీరల షాపు గిఫ్ట్ కార్డులతో జాగ్రత్త, 10,000 పెట్టి బుద్ధి కొనుక్కున్నా

నిన్న ఆదివారం సాయంత్రం నుంచి ఒళ్లు మండిపోతోంది. కొంచెం అటూ ఇటూగా రాస్తే సర్దుకుని చదవండి. షాపు పేరు రాయను. తిరుపతిలోనూ చిత్తూరులోనూ బ్రాంచీలున్న చీరల షాపు, అంతే.

కార్తీకంలో చిత్తూరులో మా చెల్లెలి గృహప్రవేశం. పుట్టింటి చీర పెట్టాలి. అమ్మ ముందే చెప్పింది: "నీకు చీరల సంగతి తెలీదు నాయనా, కవర్లో 10,116 పెట్టి ఇచ్చెయ్, దానికి నచ్చింది అదే కొనుక్కుంటుంది." నేను వింటేనా! కవర్లో పెట్టిన డబ్బు పెయింటర్ బాకీకి పోతుంది, కార్డయితే తను చీరే కొనుక్కోవాలి అని అమ్మకే క్లాసు పీకాను. 5,000 కార్డులు రెండు తీసుకున్నా. కౌంటర్లో కుర్రాడు "క్యాష్ లాంటిదే సార్, మా ఏ బ్రాంచిలో అయినా చెల్లుతుంది" అన్నాడు. స్కాన్ చేశా, ఐదు సెకన్లలో డబ్బు పోయింది. ఈ ఐదు సెకన్లు గుర్తుపెట్టుకోండి.

చెల్లి సంక్రాంతి పండక్కి ముందు వాళ్లత్తగారిని తోడు తీసుకుని చిత్తూరు బ్రాంచికి వెళ్లింది. గంటన్నర చూసి ఒక చీర ఎంచుకుంది. బిల్లు దగ్గర కార్డు తీస్తే "ఇది తిరుపతిలో కొన్నది మేడమ్, మాది ఫ్రాంచైజీ, ఇక్కడ పనిచెయ్యదు" అన్నారట. బోర్డు అదే, కవరు అదే, గోడ మీద హీరోయిన్ బొమ్మ కూడా అదే. కార్డు మాత్రం వేరే ఊరిది! దాని దగ్గర అంత డబ్బు లేదు, చీర అక్కడే వదిలేసి వచ్చేసింది. దారిలో వాళ్లత్తగారు "మీ అన్న ఇచ్చింది చెల్లదంటనే" అని ఒకే ఒక్క మాట అన్నారట. చెల్లి నాకు ఫోన్‌లో నవ్వుతూనే చెప్పింది గానీ, ఆ నవ్వు ఎలాంటిదో నాకు తెలుసు.

సరే, నేను కొన్న చోటికే పోదాం, వాళ్లెట్ల కాదంటారో చూస్తా అని నిన్న చెల్లిని తిరుపతి రమ్మన్నా. ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి పుణ్యమా అని టికెట్టు ఖర్చు లేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే చార్జీలు కూడా ఈ కార్డుల ఖాతాలోనే రాసుకోవాల్సి వచ్చేది. బస్టాండ్‌లో దింపుకుని నేరుగా షాపుకే తీసుకెళ్లా.

ఈసారి తెలివిగా ముందే అడిగా, కార్డు పనిచేస్తుందా అని. "చేస్తుంది సార్, చీర చూసుకుని రండి" అన్నారు. చెల్లి 8,400 పెట్టి వంగపండు రంగు పట్టు చీర తీసింది. మడత విప్పి భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంది, అంచు రెండుసార్లు వేళ్లతో రాసి చూసింది. దానికి అంత నచ్చడం చూసి నాకూ కోపం సగం దిగింది. బిల్లు దగ్గరికి వచ్చాం. సర్వర్ డౌన్! కార్డులకు మాత్రమే డౌన్ అంట. మా పక్క లైన్లో స్కాన్ చేసేవాళ్ల డబ్బు టింగు టింగుమని పడుతూనే ఉంది. 40 నిమిషాలు నిలబెట్టారు. నా దగ్గర 10,000 తీసుకున్న రోజు ఈ సర్వర్‌కు ఏ జబ్బూ లేదు.

తర్వాత సర్వర్ లేచింది. అప్పుడు బిల్లు వేసే అమ్మాయి, "ఒక బిల్లుకు ఒక్క కార్డే తీసుకుంటుంది సార్" అంది. చీర 8,400, కార్డు 5,000. రెండో కార్డు ఇంకో బిల్లులో వాడుకోవాలంట. మరి ఈ చీరను సగానికి కోసి రెండు బిల్లులు వేస్తారా అమ్మా అని అడిగా. పాపం ఆ అమ్మాయికి నవ్వొచ్చింది, ఆపుకుంది. సరే, మిగిలిన 3,400 నేను కడతాను, వెయ్యండి అన్నా. మళ్లీ ఏదో నొక్కి, "సార్, ఇది సంక్రాంతి ఆఫర్ చీర, ఆఫర్ సరుకుకు కార్డు వర్తించదు" అంది. పండగ అయిపోయినా షాపు మొత్తం ఆఫర్ బోర్డులే. ఆఫర్ లేనివి ఎక్కడున్నాయి అంటే మూడో ఫ్లోర్‌లో ఒక మూల ర్యాక్ చూపించారు. ఉన్నవి పదో పన్నెండో సింథటిక్ చీరలు, వాటి మీద దుమ్ము.

అప్పుడు మేనేజర్ వచ్చాడు. నేను ఇంతగా రాస్తున్నది ఈయన గురించే, మిగతాదంతా సర్దుకునేవాణ్ణి. మనిషి నింపాదిగా వచ్చి, కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పి, నన్ను వదిలేసి మా చెల్లి వైపు చూసి, "గిఫ్టే కదా మేడమ్. ఊరికే వచ్చినదానికి ఇంత గొడవెందుకు? ఉన్నవాటిల్లో ఒకటి తీసుకోండి" అన్నాడు.

ఊరికే వచ్చింది! వెనక లైన్లో ఇరవై మంది ఉన్నారు. ఒకావిడ మెడ చాచి మరీ చూసింది. మా చెల్లి ఆ పట్టు చీరను కౌంటర్ మీద పెట్టి, మడత సరిచేసి, "పద అన్నా, పోదాం" అంది. దానికి ఊరికే వచ్చిందేమో గానీ నాకు ఊరికే రాలేదయ్యా, నీ కౌంటర్లోనే 10,000 కట్టా అని అరిచా. నిజంగానే అరిచా. అదే కౌంటర్లో కార్డులు అమ్మిన కుర్రాడు అక్కడే ఉన్నాడు. "ఏ బ్రాంచిలో అయినా చెల్లుతుందని చెప్పావా లేదా" అంటే కంప్యూటర్ వైపు తిరిగి కీబోర్డు తుడుచుకుంటున్నాడు.

డబ్బు వెనక్కి ఇవ్వమంటే "ఆర్‌బీఐ రూలు సార్, క్యాష్ ఇవ్వకూడదు" అన్నాడు మేనేజర్. రాత్రి కూర్చుని చదివితే తెలిసింది. ఒక షాపు తన సరుకుకు మాత్రమే చెల్లేలా తనే ఇచ్చే కార్డుకు ఆర్‌బీఐ అనుమతే అక్కర్లేదు. 10,000 దాటకూడదు, కనీసం ఏడాది గడువుండాలి లాంటి నిబంధనలు బ్యాంకులు, వాలెట్ కంపెనీలు ఇచ్చే గిఫ్ట్ కార్డులకు. షాపు సొంత కార్డు వాటి కిందికి రాదు. అంటే ఆయన గారు చెప్పిన రూలు వాళ్లు రాసుకున్నదే, ఆర్‌బీఐ పేరు అలంకారానికి. నా కార్డు గడువు ఆరు నెలలు, అదీ వాళ్లు పెట్టిందే.

కార్డు వెనక షరతులు చదవలేదా అని అడుగుతారని తెలుసు. చదవలేదు. నిన్న ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదివా. చీమ తలకాయంత అక్షరాల్లో పద్నాలుగు షరతులున్నాయి. చెల్లని రూకకు గీతలు మెండు అని మా తాత అనేవాడు, ఆయన ఈ కార్డు చూసుంటే ఇంకేమనేవాడో. ఆఫర్ సంగతి అందులో ఉంది, ఒప్పుకుంటా. బిల్లుకు ఒక్క కార్డన్నదీ ఉంది. "పాల్గొనే బ్రాంచీలలో మాత్రమే" అని కూడా ఉంది, ఏ బ్రాంచీలు పాల్గొంటాయో మాత్రం ఎక్కడా లేదు. ఆఫీసులో పది మందికి లెక్కలు చూసిపెట్టేవాణ్ణి, 10,000 ఇచ్చేటప్పుడు కార్డు తిప్పి చూడాలని తోచలేదు. ముందువైపు బంగారు రంగు రిబ్బన్ బొమ్మ బాగుందని తీసుకున్నా.

ఈ పొద్దున 1915కు, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేసి ఫిర్యాదు రాయించా. నంబరు ఇచ్చారు, చూద్దాం. మీకు ఇప్పటికే కార్డు వచ్చి ఉంటే చీర ఎంచుకోకముందే ఈ బ్రాంచిలో, ఈ సరుకుకు, ఈ రోజు చెల్లుతుందా అని అడిగి చెప్పినవాడి పేరు రాసుకోండి. కొన్న బిల్లు పారెయ్యకండి, నాకు ఫిర్యాదుకు పనికొచ్చింది అదొక్కటే. కొత్తగా కొనాలనుకునేవాళ్లు కవర్లు కొనుక్కోండి, తిలక్ రోడ్డులో ఎక్కడైనా దొరుకుతాయి, రూపాయి బిళ్ల అంటించినవి కూడా ఉంటాయి.

రెండు కార్డులూ చెల్లి బస్సెక్కేముందు నా జేబులో పెట్టేసింది. "నువ్వే వదినకేమన్నా తీసుకో అన్నా" అంది. అమ్మకు ఇంకా చెప్పలేదు. రాత్రి ఫోన్ చేసి చీర ఏ రంగు తీసుకుందిరా అని అడిగింది. చార్జింగ్ అయిపోతోందని పెట్టేశా.