రాత్రి ఫెర్రీలో కారుతో ఫ్రాన్సుకి: మూడు వేసవుల తర్వాత

మాది ఇంగ్లండులోని రెడింగ్. 2022, 2023, 2025 వేసవుల్లో పోర్ట్స్‌మత్ రేవులో కారుతో సహా ఓడెక్కి, రాత్రంతా అందులోనే పడుకుని, పొద్దున్నే ఫ్రాన్సులో సాన్ మాలో దగ్గర దిగాం. అక్కణ్ణుంచి బ్రిటనీ అనే ఫ్రెంచి ప్రాంతం ఉత్తర తీరంలో పెరోస్ గిరెక్ అనే ఊళ్ళో ఇల్లు తీసుకుని వారం పది రోజులు. టికెట్ ఎలా కొనాలి, యూకే స్టిక్కరు, హెడ్‌లైట్లకి అంటించే ముక్కలు, ట్రయాంగిల్, మెరిసే జాకెట్లు, ఇవన్నీ అందరూ రాసేశారు, మళ్ళీ రాయను. నేను చెప్పాలనుకున్నది ఆ రాత్రి గురించి.

ఆ రాత్రంటే నాకు ప్రాణం. కాకినాడ బీచిలో చిన్నప్పుడు చీకటి పడ్డాక దూరంగా లంగరేసిన ఓడల దీపాలు లెక్కపెట్టేవాళ్ళం. ఓడ లోపల పడుకోవడం నలభై ఏళ్ళొచ్చాక గానీ కుదర్లేదు. నాలుగు బంకులున్న చిన్న గది, కాళ్ళ కింద ఇంజను మోత, పైబంకు కోసం పిల్లలిద్దరి పోట్లాట. పొద్దున్నే గదిలోని స్పీకరులో మెల్లగా హార్ప్ సంగీతం వస్తుంది. లేచి డెక్ మీదకి వెళ్తే నీళ్ళలో నల్లటి రాళ్ళు, వాటి మీద చిన్న చిన్న కోటలు, వాటి వెనక గోడ కట్టిన ఊరు, ఊరి మధ్యలో చర్చి శిఖరం. 1944లో యుద్ధంలో దాదాపుగా నేలమట్టమైన ఊరది. రాయి రాయి పేర్చి మళ్ళీ కట్టుకున్నారని తెలిశాక ఇంకా ఆత్మీయంగా అనిపించింది.

లెక్క చూసినా రాత్రి ఓడకే నా ఓటు. ఇంగ్లండులోని డోవర్ రేవు నుంచి ఫ్రాన్సులోని కలేకి ఓడలో గంటన్నరే, టికెట్టూ తక్కువే. కానీ కలేలో దిగాక మేం వెళ్ళే ఊరికి ఆరు వందల కిలోమీటర్లకు పైనే, దారిలో టోల్ గేట్లు. సాన్ మాలో నుంచైతే రెండు గంటలు. బ్రిటనీ రోడ్ల మీద టోల్ లేదు.

విమానం కన్నా నాకు కారే ఎందుకు నచ్చిందంటే సామాను. రైస్ కుక్కర్, ఇడ్లీ ప్లేట్లు, అయిదు కిలోల సోనామసూరి, ఆవకాయ, కందిపొడి అన్నీ డిక్కీలోకి వెళ్ళిపోతాయి. ఒక్కటి మాత్రం ముందే తెలుసుకోండి. బ్రెగ్జిట్ తర్వాత యూకే నుంచి పాలు, పెరుగు, నెయ్యి, మాంసం ఫ్రాన్సులోకి తీసుకెళ్ళకూడదు. కరివేపాకు లాంటి పచ్చి ఆకులకీ చాలా రకాల పళ్ళకీ సర్టిఫికెట్ కావాలి. అరటిపళ్ళు, కొబ్బరికాయ, పైనాపిల్ లాంటి వాటికి అక్కర్లేదు. పెరుగు అక్కడ బ్రహ్మాండంగా దొరుకుతుంది. నెయ్యికి వెన్న కొనేటప్పుడు పొట్లం మీద ‘దూ’ అని రాసి ఉన్నది చూసి తీసుకోండి. బ్రిటనీలో వెన్నంటే ఉప్పు వేసిందే ముందు చేతికొస్తుంది, దాన్ని కాస్తే నెయ్యి అడుగున ఉప్పు దిగుతుంది.

ఇక 2023లో జరిగింది చెప్తాను, ఇది రాయడానికి అసలు కారణం అదే. మా కారు అప్పటికి పదకొండేళ్ళది. ముందు సీటు వెనకాల కరెంటుతో చల్లబరిచే కూల్ బాక్సు, అందులో నాలుగు డబ్బాల ఇడ్లీ పిండి. దాని వైరు లైటర్ సాకెట్‌కి పెట్టాం. కొన్ని కార్లలో ఇంజను ఆపితే ఆ సాకెట్‌కి కరెంటు ఆగిపోతుంది. మా దాంట్లో ఆగదు, ఆ సంగతి మాకు తెలీదు. రేవులో క్యూలో గంటన్నర. లోపలికి తీసుకున్నాక హ్యాండ్ బ్రేకు, ఫస్ట్ గేరు, అలారం ఆపెయ్యండి, దిగండి అని ఒకటే హడావుడి. ఓడ ఊగుడికి అలారాలు మోగుతాయట. దిగాక కారు డెక్ తలుపులు మూసేస్తారు, తెల్లారేదాకా మళ్ళీ వెళ్ళనివ్వరు.

పొద్దున్న దిగి వచ్చేసరికి చుట్టూ బళ్ళన్నీ స్టార్ట్ అవుతున్నాయి. మావారు తాళం తిప్పారు. టిక్ టిక్ టిక్, అంతే. డాష్‌బోర్డు దీపాలు ఒకసారి మిణుకుమని పోయాయి. మా ముందున్న వ్యాను వెళ్ళిపోయింది. ఎదురుగా ఖాళీ ఇనప నేల, దాని చివర తెరిచిన తలుపు, బయట తెల్లటి వెలుగు. వెనక ఒక క్యారవాన్, దాని వెనక ఇంకెన్నో. మా చిన్నోడు ‘నాన్నా, మనం ఇక్కడే ఉండిపోతామా’ అని రెండు సార్లు అడిగాడు. మావారి చేతులు స్టీరింగ్ మీద అలాగే ఉన్నాయి.

పచ్చ జాకెట్ వేసుకున్న కుర్రాడు ఒకడు మమ్మల్ని చూశాడు. చెయ్యెత్తి వెనక వరసని పక్కనుంచి పొమ్మని మళ్ళించాడు, తర్వాత మా కిటికీ దగ్గరికొచ్చి వంగి ఒకే ఒక్క మాట అడిగాడు: ‘కూల్ బాక్సా?’ అవునన్నాను. నవ్వి, రోజూ ఒకటి ఉంటుందని చెప్పి వెళ్ళి చిన్న చక్రాల బండి మీద, అయిపోయిన బ్యాటరీకి కరెంటిచ్చి ఇంజను లేపే బూస్టర్ తోసుకొచ్చాడు. బానెట్ ఎత్తడం, రెండు క్లిప్పులు పెట్టడం, స్టార్ట్ చెయ్యమనడం. పది నిమిషాలు కూడా పట్టలేదు, ఒక్క పైసా అడగలేదు. ఆ కుర్రాడి ముఖం నాకిప్పటికీ గుర్తుంది.

తర్వాత కూర్చుని లెక్కేశాం. రాత్రంతా కూల్ బాక్సే బ్యాటరీని తాగేసింది. అది 48 వాట్లు, అంటే గంటకి నాలుగు ఆంపియర్ అవర్లు. క్యూతో కలిపి దాదాపు 14 గంటలు, 55 ఆంపియర్ అవర్ల పైమాటే. మా బ్యాటరీ మొత్తం 60, అదీ పాతది.

అసలు కష్టం బయటికొచ్చాక. ఇంజను ఆపితే మళ్ళీ స్టార్ట్ అవుతుందో లేదో. పాస్‌పోర్టు క్యూలో ముప్పావుగంట ఇంజను ఆన్‌లోనే. దారిలో పిల్లల్ని బాత్రూముకి తీసుకెళ్ళడానికి ఆగినప్పుడు మావారు కార్లోంచి దిగలేదు. ఆ రోజు ఆగస్టు 15, ఫ్రాన్సులో మేరీమాత పండగ, దేశమంతా సెలవు, గరాజులన్నీ మూత. మర్నాడు పెరోస్ గిరెక్ పక్కనున్న లానియోలో బ్యాటరీ మార్పించుకునేదాకా గుండె దడదడే. పిండి మాత్రం చెక్కుచెదరలేదు. ఆ సాయంత్రం కిటికీలోంచి ఆ తీరపు గులాబీ రంగు రాళ్ళు కనిపిస్తుండగా వేడి వేడి ఇడ్లీలు తిన్నాం.

మీ కారులో ఆ సాకెట్ ఇంజను ఆపాక పనిచేస్తుందో లేదో ఇంటి దగ్గరే ఫోన్ చార్జరు పెట్టి చూసుకోండి. దారిలో కారు ఆగిపోతే సాయానికొచ్చే బ్రేక్‌డౌన్ కవర్‌లో యూరప్ ఉందో లేదో కూడా. మాకు లేదు, ఓడ దిగాక చూసుకున్నాం. 2025లో కూల్ బాక్సుకి వైరే పెట్టలేదు, ముందు రోజు గడ్డకట్టించిన ఐసు పలకలు పెట్టాం, సరిపోయింది. అరచేతిలో పట్టే బూస్టర్ ఒకటి కూడా కొనుక్కున్నాం.

ఆ రాత్రిని అంత పొగిడాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఫ్రాన్సు గడియారం గంట ముందుంటుంది. ఆ హార్ప్ సంగీతం మన ఒంటికి తెల్లవారుజామునే మోగుతుంది. పిల్లలు పడుకునేసరికి పదకొండు. చేతికొచ్చేది ఆరు గంటల నిద్ర, గాలి లేని రోజైతే. 2025లో గాలి లేచింది, మా పెద్దది రాత్రి రెండు సార్లు వాంతి చేసుకుంది. ఆ నిద్రతో దిగి, కుడివైపు స్టీరింగ్ ఉన్న బండిని రోడ్డుకి కుడివైపున నడపాలి. పైగా ఊళ్ళలో గుర్తులేం లేని కూడలిలో కుడి నుంచి వచ్చే బండికే దారి. మొదటి రెండు సార్లు దిగీ దిగగానే బయల్దేరాం, తప్పే.

2025లో మాత్రం మధ్యాహ్నం దాకా సాన్ మాలోలోనే ఉండిపోయాం, అదే అన్నిటికన్నా బాగుంది. పోటు, పాటు (సముద్రం ముందుకి రావడం, వెనక్కి పోవడం) చూడాలంటే అక్కడే. పెద్ద పోటు రోజుల్లో నీళ్ళు పన్నెండు మీటర్ల పైన లేచి పడతాయి. అందుకే దగ్గర్లోని రాన్స్ నది మీద 1966లోనే పోటుతో కరెంటు తీసే ఆనకట్ట కట్టారు, దాని మీంచే రోడ్డు. బోన్ సెకూర్ బీచిలో సముద్రం వెనక్కి పోయినా నీళ్ళు నిలిచే స్విమ్మింగ్ పూల్ ఉంది, పిల్లలు బయటికి రామని ఒకటే గోల. గ్రాన్ బే దీవికి పాటులో నడిచి వెళ్ళొచ్చు, పోటు వచ్చేలోగా వెనక్కి రావాలి. టూరిస్టు ఆఫీసులో పోటు వేళల పుస్తకం అడిగి తీసుకోండి. రోజు పక్కన 20 నుంచి 120 లోపు ఒక అంకె ఉంటుంది, ఎంత పెద్దదైతే సముద్రం అంత దూరం పోతుంది, అంత వేగంగా వస్తుంది.

నాలా భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి షెంగెన్ వీసా (ఫ్రాన్సుతో పాటు చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చేది) కావాలి, ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు. నేను ఫిబ్రవరిలో తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొని, ఆ కాయితంతో వీసాకి వెళ్ళాను. ఆగస్టు క్యాబిన్లు వేసవి దాకా ఆగితే దొరకవు.

డబ్బు విషయానికొస్తే, మొదట్లో విమానంతో సమానం అని స్నేహితులకి చెప్పేదాన్ని. కానీ బడి సెలవుల్లో క్యాబిన్‌తో కలిపి మాకు రానూపోనూ తొమ్మిది వందల పౌండ్లు దాటింది. పిల్లలతో నలుగురం, మన వంట కావాలి, పోర్ట్స్‌మత్ మాకు గంటన్నర దూరం కాబట్టి గిట్టుబాటు అనుకుంటున్నాం. మీది మాంచెస్టర్ అయితే రేవుకే నాలుగైదు గంటలు. ఇద్దరే అయితే విమానంలో వెళ్ళి అక్కడ కారు అద్దెకి తీసుకోవడమే నయం కావచ్చు. ఓడ ఊగితే పడనివాళ్ళు వీలైనంత కింది డెక్‌లో, ఓడ మధ్యలో ఉన్న గది అడగండి, ఊపు అక్కడ తక్కువ.

2026కి బుక్ చేసేశాను. కిటికీ లేని గదే దొరికింది. పైబంకు ఈసారి ఎవరిదో పిల్లలు ఇప్పుడే పంచుకున్నారు.