తపస్సు కాలం ధ్యానం, మా కడప విచారణలో ఒక్కరోజు

మొన్న తపస్సు కాలంలో (ఈస్టర్‌కు ముందొచ్చే నలభై రోజులు) మా కడప విచారణలో, అంటే మా క్యాథలిక్ చర్చి పరిధిలో, గృహస్థులకు పెట్టిన ఒకరోజు ధ్యానానికి మా ఆవిడా నేనూ పోయినాం, ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తా. పొద్దున ఉగ్గాని పెట్టినారు, తపస్సు కాలం శుక్రవారం మాంసం తినం కాబట్టి మధ్యాన్నం సంగటి, పప్పు. మార్కు సువార్త 1వ అధ్యాయం చదివించి, సీమోను, అంద్రెయ వలలు వదిలి యేసు వెంట ఎట్ల పోయినారో ఫాదర్ చెప్పి, మీరు వదలాల్సిన వల ఏందో రాసుకోండి అని తలా ఒక చీటీ ఇచ్చినారు. నా పక్కన ఒక జేజి, రాయడం రాదు, చీటీ నా చేతిలో పెట్టి "తోడికోడలితో మాట్లాడక పదేండ్లాయ నాయనా, అది రాయి" అనింది, నా చెయ్యి ఆగిపోయింది, ఇంక నాది నేను దాచుకోలేకపోయినా. శిష్యరికం అంటే ఫాదర్లు, సిస్టర్లకే అనుకుంటాం గానీ జ్ఞానస్నానం తీసుకున్న ప్రతి ఒక్కరికీ ఆ పిలుపు ఉందని 1962 నుంచి 1965 దాకా జరిగిన క్యాథలిక్ బిషప్పుల సభ, రెండో వాటికన్ మహాసభే చెప్పింది. ఒకటే లోటు, పాపసంకీర్తనానికి, అంటే మన పాపాలు ఫాదర్‌తో చెప్పుకొని క్షమాపణ పొందేదానికి, ఒక్కరే ఫాదర్, గంటన్నర లైన్లో నిలబడినాం, ముసలోళ్లకు కుర్చీలన్నా వేసుంటే బాగుండు. చివర్లో జబ్బుపడినోళ్ల ఇండ్లకు ఎవరు పోతారని పేర్లు రాయించుకున్నారు, అది చానా నచ్చింది. ఆదివారం మధ్యాన్నాలకు మా ఇద్దరి పేర్లూ ఇచ్చినాం.