ముంపులో బతికిన మొక్కల మీద పరిశోధన: ఏ పత్రికలో వేస్తే మేలు?

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ అజిత్‌సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. నీరు తగ్గాక పెరళ్లలోనూ రోడ్ల వెంబడీ ఏ మొక్క చచ్చింది, ఏది మళ్లీ చిగురు వేసింది అన్నది పర్యావరణ ఉద్యానశాస్త్రం (ఇళ్ల చుట్టూ, వీధుల వెంట, తోటల్లో పెంచే మొక్కలను అధ్యయనం చేసే శాస్త్రం) అడగవలసిన ప్రశ్న. వేళ్ల దగ్గర రెండు మూడు రోజులు నీరు నిలిస్తే బొప్పాయి కుళ్లిపోతుందని ఇక్కడ పెరడు ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. కానుగ, నేరేడు, వేప ఎన్నాళ్లు ఓర్చుకుంటాయి, సిమెంటు రోడ్డు నడుమ ఇరుకు గుంతలో నాటిన చెట్టూ ఖాళీ స్థలంలో నాటిన చెట్టూ ఒకేలా ఓర్చుకుంటాయా అన్నవాటికి మాత్రం కొలిచి చెప్పిన జవాబు కావాలి. వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న వారో, గుంటూరులో వృక్షశాస్త్రం బోధిస్తున్న వారో ఈ పని చేసి, రెండు మూడేళ్ల కొలతలు సిద్ధం చేసుకున్నారనుకుందాం. వాటిని ప్రచురించడానికి వారి ముందు ప్రధానంగా మూడు దారులున్నాయి: పెద్ద అంకె ఉన్న అంతర్జాతీయ జర్నల్, మన దేశంలోని ఉద్యాన సంఘాల జర్నల్, తెలుగు వ్యవసాయ మాసపత్రిక.

మొదటి దారికి ఉన్న ఆకర్షణ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే ఆ అంకె. ఒక జర్నల్ గత రెండేళ్ల వ్యాసాలను మరుసటి ఏడాది సగటున ఎన్నిసార్లు ఉల్లేఖించారో, అంటే ఇతర వ్యాసాలు ఎన్నిసార్లు ఆధారంగా పేర్కొన్నాయో అది చెబుతుంది. ఏ జర్నళ్లు ఎంతగా వాడుకలో ఉన్నాయో తెలుసుకోవడానికి యూజీన్ గార్ఫీల్డ్ 1955లో సూచించిన ఆలోచన నుంచి పుట్టిన లెక్క అది. మనుషులకు మార్కులు వేయడానికి తరువాతి కాలంలో వాడుకలోకి వచ్చింది. ఒక జర్నల్ 2023, 2024 సంవత్సరాల్లో కలిపి 100 వ్యాసాలు ప్రచురించిందనీ, వాటిని 2025లో ఇతర వ్యాసాలు 120 సార్లు ఉల్లేఖించాయనీ అనుకుంటే, 2025కు దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1.2 అవుతుంది. ఈ రెండేళ్ల గడువు కణజీవశాస్త్రం వంటి వేగంగా సాగే రంగాలకు సరిపోతుంది. చెట్ల మీద పనిచేసేవారికి అది చాలదు. నాటిన మొక్క రోడ్డు పక్కన నిలదొక్కుకుందో లేదో తేలడానికే మూడేళ్లు పడుతుంది. ఒకరి ఫలితం చదివి మరొకరు తమ ఊరిలో ప్రయోగం మొదలుపెట్టి, ముగించి, వ్యాసం రాసేసరికి మొదటి వ్యాసం ఆ లెక్క నుంచి ఎప్పుడో జారిపోయి ఉంటుంది. పైగా ఈ రంగంలో ఫలితాన్ని వాడుకునేవారిలో ఎక్కువమంది నర్సరీ యజమానులు, పురపాలక సంఘాల ఉద్యాన అధికారులు, తోటమాలులు. వారు పద్ధతిని వాడుకుంటారు, వ్యాసం రాయరు, కనుక ఉల్లేఖించరు.

దీనికి మంచి నిదర్శనం ఈ రంగం పేరునే పెట్టుకున్న 'జర్నల్ ఆఫ్ ఎన్విరాన్‌మెంటల్ హార్టికల్చర్'. అమెరికా నర్సరీ పరిశ్రమకు అనుబంధమైన హార్టికల్చరల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ 1983 నుంచి దానిని వెలువరిస్తోంది. కుండీల్లో వాడే మిశ్రమాలు, నీటి పొదుపు, కలుపు, అలంకరణ మొక్కల తెగుళ్లు, కొత్త రకాల పరీక్ష వంటివి దానిలో వస్తాయి. ఈ ఫలితం పరిశ్రమకు ఎందుకు పనికొస్తుందో పెంపకందారుడికి అర్థమయ్యేలా చెప్పే ఒక భాగం దానిలోని వ్యాసాలకు విడిగా ఉంటుంది. ఉల్లేఖనల లెక్కలో అది చిన్న జర్నలే. అదే సమయంలో, 2002లో మొదలైన 'అర్బన్ ఫారెస్ట్రీ అండ్ అర్బన్ గ్రీనింగ్' ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇటీవలి సంవత్సరాల్లో ఆరు చుట్టుపక్కల ఉంటూ వచ్చింది. ఈ తేడా పరిశోధన నాణ్యత మూలంగా వచ్చిందని నేను అనుకోను. రెండవ జర్నల్‌ను ప్రజారోగ్యం, పట్టణ ప్రణాళిక, వాతావరణ శాస్త్రం చదివేవారు కూడా ఉల్లేఖిస్తారు. మొదటిదానిని చదివేవారి వలయం చిన్నది.

పరిశోధన ఎటు మొగ్గుతోందన్నది కూడా ఇక్కడే కనబడుతుంది. ఒకే చెట్టు గురించి 'వీధి నీడ వల్ల తగ్గిన ఉష్ణోగ్రత' అని రాస్తే పెద్ద అంకె ఉన్న జర్నల్‌కు వెళుతుంది, 'పాలిథిన్ సంచిలో చుట్టుకుపోయిన వేళ్లు' అని రాస్తే చిన్న జర్నల్‌కు వెళుతుంది. మన నగరాల్లో నాటే మొక్కల్లో చాలా భాగం కడియం నర్సరీల నుంచి వస్తాయి. సంచిలో ఎక్కువ కాలం ఉంచిన మొక్క వేళ్లు అడుగున గుండ్రంగా తిరిగి, నాటిన తరువాత కూడా అదే తీరున పెరుగుతాయి. పదేళ్లకు చెట్టు పైకి బలంగా కనబడుతుంది గాని గాలికి నిలవదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి గాలులు మళ్లీ మళ్లీ వచ్చే జిల్లాలకు చెట్టు ఎన్ని డిగ్రీల చల్లదనం ఇస్తుందో తెలియడం కంటే, నాటే ముందు వేళ్లను ఎక్కడ కోసి సరిచేయాలో తెలియడం ముందుగా అవసరం. అంకె చూసి అంశాన్ని ఎంచుకునే అలవాటు బలపడితే ఈ రెండవ రకం ప్రశ్న అడిగేవారు తగ్గిపోతారు. నా దృష్టిలో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వల్ల ఈ రంగానికి జరిగే అసలు నష్టం ఇదే. మార్కుల అన్యాయం దీని ముందు చిన్న విషయం.

మార్కుల సంగతిని పూర్తిగా పక్కన పెట్టడమూ కుదరదు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల నియామకాల్లో, పదోన్నతుల్లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ జర్నళ్లకు ఇచ్చే రేటింగ్‌కు విలువ ఉంది. చాలా ఏళ్లు నడిచిన లెక్క ప్రకారం ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉన్న జర్నల్‌కు ఆరుకు ఆ అంకెను కలిపి రేటింగ్ ఇచ్చేవారు, లేనిదానికి ఆరుకు మించి వచ్చేది కాదు. అంటే 0.1 ఉన్న జర్నల్ కూడా, ఆ అంకె లేని ఏ మంచి దేశీయ జర్నల్ కంటే పైనే నిలిచేది. ఉద్యోగం కోసం దరఖాస్తు పెట్టుకునే యువ పరిశోధకుడికి ఈ ఏర్పాటు తప్పని ఉపన్యాసం చెప్పి లాభం లేదు. మొదటి ఉద్యోగం వచ్చే వరకు ఒకటి రెండు వ్యాసాలు అంతర్జాతీయ జర్నళ్లలో ఉండేలా చూసుకోమనే నేనూ చెబుతాను.

ఖర్చు మరో లెక్క. చదువరికి ఉచితంగా తెరిచి ఉంచే అంతర్జాతీయ జర్నళ్లలో చాలావాటికి రచయిత రెండు మూడు వేల డాలర్లు కట్టాలి. జిల్లా కళాశాల అధ్యాపకుడు తన జేబులోంచి పెట్టదగిన మొత్తం కాదది. చందా పద్ధతి జర్నళ్లకు రచయిత ఏమీ కట్టనక్కరలేదు గాని చదువరికి తాళం పడుతుంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లను ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. గుంటూరు దగ్గరి లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో కూర్చున్న శాస్త్రవేత్తకు ఇది గొప్ప మేలు. కార్పొరేషన్ ఉద్యాన విభాగంలో పనిచేసేవారికీ, కడియం నర్సరీ యజమానికీ ఆ తాళం ఇంకా తాళమే.

రెండవ దారి మన దేశపు సంఘాల జర్నళ్లు. భారత ఉద్యాన సంఘం 1940ల నుంచి నడుపుతున్న 'ఇండియన్ జర్నల్ ఆఫ్ హార్టికల్చర్', బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఆవరణ నుంచి 2006లో మొదలై ఎవరైనా ఉచితంగా చదవగలిగేలా వెలువడుతున్న 'జర్నల్ ఆఫ్ హార్టికల్చరల్ సైన్సెస్' ఇటువంటివి. మన ముంపు ఉదాహరణలో వీటి బలం సమీక్షకుల దగ్గర, అంటే అచ్చుకు ముందు వ్యాసాన్ని పరీక్షించే నిపుణుల దగ్గర బయటపడుతుంది. కానుగ, నేరేడు ఎలాంటి చెట్లో, నల్లరేగడిలో నీరు ఎలా నిలుస్తుందో, పుణెలోని పుష్ప పరిశోధన డైరెక్టరేట్‌కు కడియం దగ్గర వేమగిరిలో ఉన్న ప్రాంతీయ కేంద్రం ఏం చేస్తుందో తెలిసినవారు వ్యాసాన్ని చదువుతారు. 'ఈ ఫలితం మీ ఊరికే పరిమితం, మా పాఠకులకు ఏం ఆసక్తి?' అన్న ప్రశ్న అక్కడ రాదు. బలహీనతలూ ఉన్నాయి: సమీక్ష కొన్నిసార్లు పైపైన సాగుతుంది, గణాంక పద్ధతి గురించి గట్టిగా నిలదీసేవారు తక్కువ, కొన్ని సంఘాలు సభ్యత్వం తీసుకుంటేనే వ్యాసం స్వీకరిస్తాయి.

డబ్బు కట్టగానే వారంలో అచ్చువేసే నకిలీ జర్నళ్లను నాలుగో దారిగా లెక్కించడం లేదు. హైదరాబాదు కేంద్రంగా నడిచిన అలాంటి ఒక సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని అమెరికా న్యాయస్థానం 2019లో తీర్పు ఇచ్చింది. నమ్మదగిన జర్నళ్లను చూపే తన కేర్ జాబితాను యూజీసీ 2025లో నిలిపివేశాక జర్నల్ మంచిచెడ్డలు తేల్చుకునే భారం ఆయా సంస్థల మీదే పడింది కనుక, పరిశోధన మార్గదర్శకులు ఈ విషయంలో మరింత కఠినంగా ఉండాలి.

మూడవ దారి తెలుగు. 1969 నుంచి వస్తున్న 'అన్నదాత', ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వెలువరించే 'వ్యవసాయం' వంటి మాసపత్రికలు ఫలితాన్ని నెల రెండు నెలల్లో రైతు ఇంటికి చేరుస్తాయి. రేటింగ్‌లో వీటికి వచ్చేది నామమాత్రం. అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది: వ్యాసంలో కొలతలు ఉండవు, తప్పు చెబితే పట్టుకునే సమీక్ష ఉండదు. కోనోకార్పస్ వివాదంలో జరిగింది ఇదే. రోడ్ల మధ్య బారులుగా నాటిన ఆ చెట్టును 2023లో గుజరాత్ నిషేధించింది, తెలంగాణ కూడా నాటవద్దన్నది. పుప్పొడి వల్ల ఉబ్బసం వస్తుందని, వేళ్లు పైపులను పగలగొడతాయని మన పత్రికల్లోనూ ఫోన్లలోనూ హోరెత్తింది. ఆ ఆరోపణల్లో ఏది ఎంత నిజమో శాస్త్రవేత్తల్లోనే ఏకాభిప్రాయం లేదు. ఇక్కడి రోడ్ల మీద కొలిచిన పుప్పొడి లెక్క ఒక్కటి ముందే అచ్చయి ఉంటే, చెట్లు నరకాలో వద్దో వాదన మరోలా నడిచేది.

మూడింటినీ తూచి చూస్తే, ముంపు ఫలితం వంటివాటికి నా మొగ్గు రెండవ దారి వైపు, దాని వెనుకే మూడవది. పరిశోధన మొత్తాన్ని కొలతలతో సహా అందరికీ తెరిచి ఉండే దేశీయ జర్నల్‌లో వేసి, దాని ఆధారంతో వచ్చే వానకాలానికి ముందే తెలుగు వ్యాసం రాయాలి. సమీక్షకు ఏడాది పట్టేలా ఉంటే ముందస్తు ప్రతిని 'అగ్రిఆర్కైవ్' వంటి చోట పెట్టవచ్చు. ఓపెన్ యాక్సెస్ ఇండియా 2017లో మొదలుపెట్టిన ఆ వేదికను తరువాత క్యాబీ అనే అంతర్జాతీయ వ్యవసాయ సంస్థ చేపట్టింది. నీట మునిగిన వేరులో ఆక్సిజన్ లేక ఏ మార్పులు వచ్చాయన్న శరీరధర్మ భాగం ఏ దేశపు పాఠకుడికైనా పనికొస్తుంది కనుక, అది విడిగా నిలబడేటంత బలంగా ఉంటే అంతర్జాతీయ జర్నల్‌కు పంపవచ్చు. ఒకే ఫలితాన్ని ముక్కలు చేసి మూడు చోట్ల వేయడం మాత్రం మోసమే. ఒప్పందంపై సంతకం పెట్టేముందు తెలుగు రూపం రాసుకునే హక్కు తమకు మిగులుతుందో లేదో రచయితలు చూసుకోవాలి.

కొత్త పురుగు కనబడినప్పుడు నా వరుస తిరగబడుతుంది. మిరపను 2021-22లో దెబ్బతీసిన నల్ల తామర పురుగు మన దేశంలో ఉందని 2015లోనే 'జర్నల్ ఆఫ్ ఇన్‌సెక్ట్ సైన్స్'లో నమోదైంది. అప్పుడది బెంగళూరులో బొప్పాయి మీద దొరికింది. అదే పురుగు 2020లో ఫ్లోరిడాలో కనబడి, తరువాత అక్కడి అలంకరణ మొక్కల నర్సరీలకు బెడదగా మారింది. అటువంటి నమోదు అంతర్జాతీయ జర్నల్‌లో ఉండి తీరాలి, ఎందుకంటే దిగుమతి మొక్కలను తనిఖీ చేసేవారు, ఇతర దేశాల కీటకశాస్త్రవేత్తలు వెతికేది అక్కడే. ఆరేళ్ల ముందు అచ్చయిన ఆ వ్యాసంతో గుంటూరు మిరప రైతుకు ఏ సంబంధమూ ఏర్పడలేదు కాబట్టి, అటువంటి వ్యాసం పంపిన వారంలోనే పురుగు ఫొటో, దాన్ని గుర్తుపట్టే లక్షణాలు, ఏ మొక్కల మీద చూడాలో రాసిన ఒక పేజీ తెలుగులో రైతు సేవా కేంద్రాలకూ నర్సరీలకూ వెళ్లాలి.