అవాయు మెనింజైటిస్‌లో ఏది మేలు: మెట్రోనిడజోలా, మెరోపెనెమా?

పెద్దవారి మెనింజైటిస్‌కు (మెదడు పొరల వాపుకు) సెఫ్ట్రియాక్సోన్, వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు మొదలుపెట్టాక అవాయు బ్యాక్టీరియా (ఆక్సిజన్ లేనిచోట పెరిగేవి) అనుమానం వస్తే, వాటికి మెట్రోనిడజోల్ జతచేయాలా, సెఫ్ట్రియాక్సోన్ ఆపి మెరోపెనెమ్‌కు మారాలా అని జూనియర్ వైద్యులు పదేపదే అడుగుతుంటారు. అసలు ఆ అనుమానమే అరుదుగా వస్తుంది. గ్రామ్ స్టెయిన్‌లో (రంగు వేసి మైక్రోస్కోపులో చూసే పరీక్షలో) రెండు మూడు రకాల బ్యాక్టీరియా కనిపించి, మామూలు కల్చర్‌లో ఏమీ పెరగకపోతే అవాయు బ్యాక్టీరియాను తలచుకోకుండా దానిని కల్చర్ వైఫల్యమని సరిపెట్టుకోవడం తేలిక.

బ్యాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్, ఫ్యూసోబ్యాక్టీరియం అనే అవాయు బ్యాక్టీరియా సాధారణంగా రెండు మందులకూ లొంగుతాయి కాబట్టి, నా దృష్టిలో తేల్చవలసింది వెన్నునీటిలోకి (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి) ఏది ఎంత చేరుతుందన్నదే. మెట్రోనిడజోల్ అణువు చిన్నది, రక్తంలోని ప్రోటీన్లకు అంతగా అంటుకోదు. అందువల్ల మెదడు పొరల వాపు తగ్గాక కూడా వెన్నునీటిలో దాని స్థాయి రక్తంలోని స్థాయికి దగ్గరగానే ఉంటుంది, చీముగడ్డల్లోకీ బాగా చేరుతుంది. మెరోపెనెమ్ ప్రవేశం మాత్రం వాపు తగ్గేకొద్దీ తగ్గుతుంది. అందుకే 8 గంటలకొకసారి 2 గ్రాముల చొప్పున ఇవ్వాలి. ఈ జబ్బు ఎక్కువగా దీర్ఘకాలపు చెవి చీము, సైనస్ ఇన్ఫెక్షన్, పగిలిన మెదడు చీముగడ్డ వంటివాటి నుంచి వచ్చి వారాల చికిత్స కోరుతుంది గనుక, మూలం అక్కడ ఉన్నప్పుడు మొదటి మందులను ఆపకుండా 8 గంటలకు 500 మిల్లీగ్రాముల మెట్రోనిడజోల్ కలపడమే నాకు సబబుగా తోస్తుంది.

అయితే క్యూటిబ్యాక్టీరియం, ఆక్టినోమైసిస్ అనే బ్యాక్టీరియా మెట్రోనిడజోల్‌కు లొంగవు. వారాల తరబడి వాడితే కాళ్ల తిమ్మిర్లు, నడక తూలడం గమనించాలి. మెదడు శస్త్రచికిత్స తరువాత మొండి గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా అనుమానముంటే మెరోపెనెమ్‌దే పైచేయి, కానీ అది మూర్ఛ మందైన వాల్‌ప్రోయేట్ స్థాయిని బాగా పడగొడుతుంది. రెండూ కలిపి ఇవ్వడం చాలావరకు అనవసరం. క్లిండమైసిన్ వెన్నునీటిలోకి సరిగా చేరదు. క్లోరాంఫెనికాల్ చేరుతుంది గానీ ఎముక మజ్జకు ప్రమాదం.

వెన్నునీటిని గాలి తగలకుండా, ఫ్రిజ్‌లో పెట్టకుండా, ల్యాబ్‌కు ముందే చెప్పి అవాయు కల్చర్‌కు పంపాలి. అప్పటికే యాంటీబయాటిక్ పడివుంటే బ్యాక్టీరియాను దాని జన్యువుతో గుర్తించే 16ఎస్ జన్యు పరీక్ష అక్కరకొస్తుంది. చెవి మూలమని తోస్తే టెంపొరల్ ఎముక సీటీ తీయించి, మాస్టాయిడ్ (చెవి వెనుక ఎముక) శస్త్రచికిత్స అవసరమేమో ఆ రోజే ఈఎన్‌టీ సర్జన్‌తో మాట్లాడాలి. లోపల చీము నిలిచివుంటే పై రెండు మందుల్లో ఏదీ ఒంటరిగా నెగ్గదు.