కంబర్లాండ్ నుంచి జార్జ్‌టౌన్‌కి: సి అండ్ ఓ కాలువ గట్టు మీద 184.5 మైళ్లు

గోదావరి, కృష్ణా కాలువల లాకులు చూసి పెరిగినవాళ్లకు ఈ దారి కొత్తగా అనిపించదు. అమెరికాలో పొటోమాక్ నది వెంట, వాషింగ్టన్ డి.సి.లోని జార్జ్‌టౌన్ నుంచి 1828లో తవ్వకం మొదలై, 1850కి మేరీలాండ్‌లోని కంబర్లాండ్ చేరిన చెసపీక్ అండ్ ఒహాయో (సి అండ్ ఓ) కాలువ ఇది. 74 లాకులు, కాలువను వాగుల మీదుగా దాటించే వంతెనలు (అక్విడక్టులు) 11. 1924 వరద తర్వాత పడవలు ఆగిపోయాయి. కంచర గాడిదలు పడవలను లాగుతూ నడిచిన గట్టే ఇప్పటి బాట.

కంబర్లాండ్‌లో మొదలుపెట్టడం మేలు. రైల్లో సైకిల్ తీసుకెళ్లొచ్చు, టికెట్‌తో పాటు సైకిల్‌కి చోటు కూడా బుక్ చేసుకోవాలి. అక్కణ్ణుంచి మొత్తం దిగుడు 605 అడుగులే, కాళ్లకు తెలియను కూడా తెలియదు. సైకిల్ మీద నాలుగైదు రోజులు, నడకకి రెండు వారాలు పెట్టుకోండి.

కష్టమంతా బంకమట్టితోనే. చెట్ల నీడకి గట్టు త్వరగా ఆరదు. వాన పడితే మట్టి, ఎండుటాకులు కలిసి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య గట్టిగా కూరుకుపోయి చక్రం తిరగదు, బ్రేకు ప్యాడ్లు అరిగిపోతాయి. సన్న టైర్లు వద్దు, 38 మి.మీ. పైబడినవి వేయించండి. మడ్‌గార్డు కింద వేలు దూరేంత సందు ఉండాలి. మరీ బురదైతే లిటిల్ ఓర్లీన్స్ నుంచి బిగ్ పూల్ దాకా పక్కనే తారు వేసిన రైల్ ట్రెయిల్ (పాత రైలు దారి మీద వేసిన బాట) ఉంది, మొహమాటపడకుండా అందులోకి మారిపోండి.

మైలురాళ్ల లెక్క జార్జ్‌టౌన్ నుంచి మొదలవుతుంది. ఆ లెక్కన 155వ మైలు దగ్గర పా పా సొరంగం, పొడవు 3,118 అడుగులు. లోపల చీకటి, నేలంతా గుంటలు. సైకిల్ దిగి టార్చి వేసుకుని నడవాలి. పక్కనున్న కొయ్య కమ్మీ మీద చెయ్యి ఆనించి నడిస్తే, పడవ తాళ్ల రాపిడికి పడ్డ గాట్లు వేళ్లకు తగులుతాయి. ఈ ప్రయాణంలో ఒక్కచోటే ఆగే వీలుంటే ఇక్కడే ఆగండి.

బసకి, కొన్ని మైళ్లకొకటి చొప్పున డేరా వేసుకునే చోట్లున్నాయి. డబ్బు కట్టక్కర్లేదు, బుకింగ్ లేదు, ఒక్కోచోట ఒక్క రాత్రే. చేతిపంపు, మరుగుదొడ్డి, బల్ల ఉంటాయి. చలికాలంలో పంపు పిడి తీసేస్తారు. మిగతా రోజుల్లోనూ ఏదో ఒక పంపు మూతపడి ఉండొచ్చు. అందుకే మనిషికి మూడు లీటర్ల నీళ్లు తప్పనిసరి. కంబర్లాండ్ నుంచి హాన్‌కాక్ ఊరి దాకా 60 మైళ్లలో దుకాణాలు బహు తక్కువ. అటుకులు, ఉప్మా మిక్సు దగ్గరుంటే శాకాహారులకు ఇబ్బంది ఉండదు.

పాత లాకు కాపలాదారుల ఇళ్లు కొన్ని అద్దెకిస్తారు, ఒక్కోదాంట్లో ఎనిమిది మంది పడుకోవచ్చు. 6, 10 నంబర్ల లాకుల ఇళ్లలో కరెంటు, స్నానాలగది ఉన్నాయి. 22, 25, 28లో అవేవీ లేవు. పైగా 28 పక్కనే రైలు పట్టాలు, గూడ్సు బళ్ల మోతకి నిద్ర పట్టడం కష్టం. పిల్లలతో వెళ్లేవాళ్లకు 10వ నంబరు నయం.

నది అవతలున్న హార్పర్స్ ఫెర్రీ ఊళ్లోకి వెళ్లాలంటే సైకిల్‌ని మెట్లెక్కించి వంతెన మీద నడిపించుకెళ్లాలి. సామాను విప్పి రెండు విడతలుగా మోయండి. గ్రేట్ ఫాల్స్ జలపాతం నుంచి చివరి 14 మైళ్లూ జనం ఎక్కువ, గంట కొట్టి దాటండి. జార్జ్‌టౌన్‌లో సున్నా మైలురాయి పడవల షెడ్డు వెనకాల, రాక్ క్రీక్ వాగు పొటోమాక్‌లో కలిసేచోట ఉంది. బాట సూటిగా అక్కడికి తీసుకెళ్లదు, షెడ్డు చుట్టూ తిరిగి వెళ్లాలి.