రెండు మూడు రిమోట్ పనులకు ఒకే గూగుల్ క్యాలెండర్: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ దెబ్బతీస్తుంది

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ లాంటి ఊళ్లలో ఇంటి నుంచే రెండు మూడు కంపెనీలకు కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లను పని కన్నా ముందు టైమే ఆగం చేస్తుంది. పొద్దున బెంగళూరు టీమ్, మధ్యాహ్నం దాటాక లండన్, చీకటి పడ్డాక న్యూయార్క్. వీటన్నిటినీ ఒక తెర మీదికి తెస్తామని నెలనెలా డబ్బు అడిగే యాప్‌లు చాలా ఉన్నాయి. మామూలు జీమెయిల్ ఖాతాతో ఉచితంగా వచ్చే గూగుల్ క్యాలెండర్ ఈ పనికి సరిపోతుంది. అయితే దాని సెట్టింగులు ఒక్క ఉద్యోగం ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసినవి. వాటిని అలాగే వదిలేస్తే మీటింగులు తప్పుతాయి.

మొదట కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి, ఎడమ పక్కన ‘అదర్ క్యాలెండర్స్’ దగ్గరున్న ప్లస్ గుర్తు నొక్కి, ఒక్కో పనికి ఒక్కో కొత్త క్యాలెండర్ పెట్టుకోవాలి. ఒక్కోదానికి ఒక్కో రంగు. ఇంటి పనులకు ఇంకొకటి వేరుగా ఉండాలి. అన్నీ ఒకే క్యాలెండర్‌లో వేసి రంగులు మార్చుకుంటే కూడా పని నడుస్తుంది కానీ, రేపు ఒక కాంట్రాక్టు ముగిసిందంటే దాని ఎంట్రీలను ఒక్కొక్కటిగా ఏరాల్సి వస్తుంది. వేరే క్యాలెండర్ అయితే ఒక్క టిక్కు తీసేస్తే తెర మీంచి పోతుంది, పాత లెక్క మాత్రం భద్రంగా ఉంటుంది.

ఈ క్యాలెండర్‌ను నమ్ముకోవడానికి అసలు కారణం టైమ్ జోన్. మీటింగు ఎంట్రీ పూర్తిగా తెరిస్తే టైమ్ పక్కనే ‘టైమ్ జోన్’ అని ఉంటుంది. అమెరికా మీటింగును అక్కడ న్యూయార్క్ టైమ్‌లోనే నమోదు చేయాలి. మన టైమ్‌లో రాత్రి ఏడున్నర అని వేసి వారం వారం రిపీట్ పెడితే, అది ఏడాదంతా ఏడున్నర దగ్గరే ఆగిపోతుంది. కానీ అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు జరుగుతుంది. న్యూయార్క్ పొద్దున 10 గంటలంటే వేసవిలో మనకు రాత్రి 7:30, చలికాలంలో 8:30.

చిక్కంతా రెండు దేశాలు కలిసినప్పుడే. బ్రిటన్‌లో గడియారం మారేది మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో. అంటే మార్చిలో రెండు మూడు వారాలు, శరదృతువులో ఒక వారం ఈ రెండు దేశాల మధ్య తేడా ఐదు గంటలు కాక నాలుగే గంటలు ఉంటుంది. లండన్ మధ్యాహ్నం 2 గంటల మీటింగు, న్యూయార్క్ 10 గంటల మీటింగు మామూలు రోజుల్లో గంట తేడాతో వస్తాయి. ఆ వారాల్లో మాత్రం రెండూ మనకు సరిగ్గా రాత్రి 7:30కే పడతాయి. రెండు ఎంట్రీలనూ వాటి వాటి టైమ్ జోన్‌లో వేసి ఉంటే, ఫిబ్రవరిలోనే మార్చి పేజీ తెరిచి చూడండి, ఢీకొనే రోజులు పక్కపక్కనే కనిపిస్తాయి. అప్పుడే ఒక టీముకు చెప్పి జరుపుకోవచ్చు. సెట్టింగులలో రెండో టైమ్ జోన్ కూడా చూపించమని పెట్టుకుంటే, అవతలివాళ్లకు అది ఏ వేళో లెక్కేసుకునే పని తప్పుతుంది.

ఇక ఒక టీముతో ఉన్న మీటింగు సమయంలో రెండో టీమ్ మనల్ని పిలవకుండా చూడడం. ఇక్కడ గూగుల్ క్యాలెండర్ తనంతట తాను ఏమీ చేయదు. కంపెనీవాళ్లు మన ఖాళీ వెతికేది వాళ్లు ఇచ్చిన ఖాతాలోనే, మన సొంత ఖాతాలో కాదు. అందుకని సొంత క్యాలెండర్‌లో ‘బిజీ’ అని ఎంట్రీలు వేసి, మిగతా కంపెనీలు మనకిచ్చిన ఈమెయిళ్లను ఒక్కోదాన్ని విడివిడి ఎంట్రీలో గెస్ట్‌గా చేర్చాలి. అవతల అవుట్‌లుక్ ఉన్నా ఇది పనిచేస్తుంది. అన్ని ఈమెయిళ్లనూ ఒకే ఎంట్రీలో పెట్టకూడదు, గెస్టుల జాబితాలో ఒక క్లయింటు పేరు మరో క్లయింటుకు కనపడుతుంది. క్లయింటు పేరు, వివరణ, మీటింగు లింకు ఏవీ రాయొద్దు. ఒకరి రహస్యం ఇంకొకరి చేతికి పోకుండా చూసుకోవడం మన బాధ్యత.

ఐకాల్ లింకుతో (క్యాలెండర్‌ను బయట చూపించే వెబ్ చిరునామా) ఒక క్యాలెండర్‌ను ఇంకోదానిలోకి తెచ్చుకునే దారీ ఉంది. దాని మీద ఆధారపడొద్దు. మార్పులు కనపడడానికి 12 గంటల దాకా పట్టవచ్చు. మధ్యాహ్నం జరిపిన మీటింగు రాత్రికి గానీ తెలియదంటే ఇక దేనికి? పైగా కంపెనీ క్యాలెండర్ లింకును బయటికి తేవడానికి చాలాచోట్ల అనుమతి ఉండదు.

రోజంతా ఉండే ఎంట్రీతో ఇంకో ప్రమాదం. సద్దుల బతుకమ్మ రోజు సెలవని ‘ఆల్ డే’ పెడితే, గూగుల్ దాన్ని ‘ఫ్రీ’ అని నమోదు చేస్తుంది. కింద ఉన్న ఆ ముక్కను ‘బిజీ’గా మార్చకపోతే ఆ రోజే మీటింగు వచ్చి పడుతుంది. లండన్‌వాళ్లకు బతుకమ్మ, బోనాలు ఎప్పుడో తెలియదు కాబట్టి ఆ పండుగల నెలలు రాకముందే ఇవన్నీ వేసి పెట్టాలి.

నోటిఫికేషన్ మామూలుగా 10 నిమిషాల ముందు వస్తుంది. మన దగ్గర అది చాలదు. ఒకటి 30 నిమిషాలకు, ఇంకొకటి 5 నిమిషాలకు పెట్టండి. కరెంటు పోయి ఉంటే రౌటర్‌ను మినీ యూపీఎస్ మీద చూసుకోవడానికో, ఫోన్ హాట్‌స్పాట్‌కు మారడానికో ఆ అరగంట కావాలి. మినీ యూపీఎస్ కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉందో చూసి అదే కొనాలి. ఫైబర్ పెట్టె, రౌటర్ వేర్వేరుగా ఉంటే రెండిటికీ సరఫరా ఉండాలి, ఒకటి ఆరిపోయినా నెట్ రాదు. లైన్‌మెన్ ఎల్‌సీ (మరమ్మతుకు కరెంటు ఆపే అనుమతి) తీసుకునే రోజులు పేపర్ల జిల్లా పేజీల్లో ముందే పడుతుంటాయి. ఆ గంటలను కూడా క్యాలెండర్‌లో వేసుకుంటే ఆ వేళకు వీడియో మీటింగు ఒప్పుకోకుండా ఉంటాం.

బ్రౌజర్ సంగతి: క్రోమ్‌లో ఒక్కో క్లయింటుకు ఒక్కో ప్రొఫైల్ పెట్టుకోవాలి. లాగిన్‌లు, బుక్‌మార్కులు, హిస్టరీ కలగాపులగం కావు. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో మూడు ప్రొఫైళ్లు, వీడియో కాల్ ఒకేసారి తెరిస్తే మాత్రం ముక్కుతూ నడుస్తుంది, అవసరం లేని ప్రొఫైల్‌ను మూసేయండి. కంపెనీ ల్యాప్‌టాప్ ఇచ్చి ఉంటే దాంట్లో ఆ కంపెనీ పనే చేయాలి.

ఈ క్యాలెండర్ చేయలేనిది పని గంటల లెక్క. గంటల చొప్పున బిల్లు వేసేవాళ్లు టాగుల్ ట్రాక్ లాంటిది తోడు పెట్టుకోవాలి. దాంట్లో 5 మంది దాకా ఉచితం, క్లయింటు వారీగా వారం రిపోర్టు దించుకోవచ్చు. క్యాలెండర్‌లో వేసిన గంటకూ నిజంగా పనిచేసిన గంటకూ తేడా ఉంటుంది, బిల్లు రెండోదానికే వేయాలి.

ఇదంతా తెలిసి ఒప్పుకున్న కాంట్రాక్టులకే. ఉద్యోగంలో ఉండి రెండో పని చేయదలిస్తే ముందు అపాయింట్‌మెంట్ లెటర్ చదవాలి. పోటీ సంస్థలకు కూడా పనిచేస్తున్నారని 2022లో విప్రో 300 మందిని తీసేసింది. రెండు జీతాలున్నప్పుడు ఏ కంపెనీ అయినా తన జీతం ఒక్కటే ఉందనుకుని పన్ను కోస్తుంది, ఏడాది చివర్లో బాకీ తేలుతుంది. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15 తేదీలకు అడ్వాన్స్ ట్యాక్స్ అని ఏటా రిపీట్ అయ్యే ఎంట్రీ వేసి, వారం ముందే గుర్తుచేసేలా పెట్టుకోండి.