రాళ్ళ చెలకల్లో ఆరేళ్ళు తిరిగిన క్వాడ్ బండి

దేవరకొండకు దక్షిణాన, చందంపేట గుట్టలు కృష్ణా లోయ వైపు దిగే చోట మా చెలకలు ఉన్నాయి. కింద బాయి దగ్గర బత్తాయి తోట, పైన గుట్ట మొదట్లో పల్లి, మక్క, కంది వేస్తాము. ఇంటి నుంచి చివరి చెలకకు దూరం రెండున్నర కిలోమీటర్లే, కాని ఆ దారిలో అర కిలోమీటరు పరుపు బండ, రెండు ఒర్రెలు, ఒక నిలువు ఎక్కుడు ఉన్నాయి. పల్లి కాయ గట్టిపడే రోజుల్లో, మక్క కంకి పాలు పోసుకునే రోజుల్లో అడవి పందుల గుంపు ఒక్క రాత్రి దిగితే తెల్లారేసరికి ఎకరం చేను దున్నిపోసినట్టు ఉంటుంది. అందుకని ఏటా మూడు నెలలు రాత్రి కావలి మాకు తప్పదు. ఈ పని కోసమే 2018 దసరాకు ముందు అన్నదమ్ములం ముగ్గురం డబ్బు కలిపి, నాలుగు చక్రాలూ లాగే ఐదు వందల సీసీ తరగతి క్వాడ్ బండిని (మోటారు సైకిలులా హ్యాండిలు పట్టి నడిపే నాలుగు చక్రాల బండి) పాతదే కొన్నాము. ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో లెక్కపెట్టే గంటల మీటరు కొన్న రోజున 410 చూపింది, 2024 పల్లి కోతల నాటికి 2,060 దాటింది. ఈ 1,650 గంటల్లో మేము నేర్చుకున్నది, అటువంటి నేలలోనే బండి ఎంచుకోబోయే రైతులకు పనికి వస్తుందని రాస్తున్నాను.

విదేశాలలో ఇటువంటి బండ్లను వేట కోసం కొనేవారు చాలామంది ఉన్నారు, ఆ దృష్టితోనే వాటిని పొగిడే మాటలు మన దాకా వస్తాయి. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. ఆ చట్టం వేట అన్నప్పుడు చంపడాన్ని మాత్రమే అనలేదు. ఉచ్చు వేయడం, తరమడం, అందుకు ప్రయత్నించడం కూడా అందులోకి వస్తాయి. పంటను నాశనం చేసే జంతువును చంపడానికి అనుమతి ఇవ్వగలిగేది ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గాని మాత్రమే. కాబట్టి మేము బండిని ఒక్కనాడూ పంది వెంట తోలలేదు. చేను అంచుకు త్వరగా చేరడం, లైటు వేసి నిలబడటం, కుక్కలతో ఒక చుట్టు తిరగడం, పొద్దున బస్తాలు దింపుకోవడం, ఇవే దాని పనులు. కావలి కష్టం తప్పించుకోవడానికి చేను చుట్టూ కరెంటు తీగ లాగేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ తీగ పందిని, పక్క చేను రైతును వేరు చేసి చూడదు. దానికన్నా నిద్ర మానుకోవడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను.

మొదట మేము జీపు కొందామనే అనుకున్నాము. అప్పుడు మా పెద్దన్న టేపు తీసుకొని గెట్ల నడుమ బాటను కొలిచాడు. అతి ఇరుకైన చోట, రెండు రాతి గెట్ల మధ్య, నాలుగున్నర అడుగులు వచ్చింది, అంటే 137 సెంటీమీటర్లు. మారుతి జిప్సీ వెడల్పు 154 సెంటీమీటర్లు. ఇప్పుడు కొనేవారు అడిగే జిమ్నీ 164 దాటుతుంది, 2020లో వచ్చిన కొత్త థార్ 182. మా క్వాడ్ 122. జీపుల శక్తి మీద నాకు ఏ అనుమానమూ లేదు, జిప్సీ వంటి తేలికైన జీపు మా బండ మీద నిక్షేపంగా ఎక్కుతుంది. అయితే గెట్టు కూల్చకుండా అది పోలేదు, ఆ గెట్లు మా తాతల నాడు వానకు మట్టి కొట్టుకుపోకుండా పేర్చినవి. ట్రాక్టరుదీ ఇదే కథ, పైగా అడ్డ వాలులో దానితో ప్రాణభయం. ఇక మా ఊరిలో అందరి దగ్గరా ఉన్న టీవీఎస్ ఎక్స్‌ఎల్ నిజంగా గొప్ప బండి, కాలిబాట ఉంటే చాలు పోతుంది, కాని రాత్రి పూట కదిలే గుండ్ల మీద రెండు చక్రాలతో పడటం మా ఇంట్లో ముగ్గురికీ అనుభవమే. బండి ఎంచుకునేవారు అంగడికి పోయేముందు తమ బాటను కొలుచుకోవాలని అందుకే చెబుతున్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ బండ్ల గురించి అడిగేవారు ముందుగా సీసీ ఎంత, వేగం ఎంత అని అడుగుతారు. ఆరేళ్ళలో మా బండి ఇరవై కిలోమీటర్ల వేగం దాటిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. గుట్టలో కావలసినది చిన్న గేరు. మా బండిలో గేర్లు మార్చే పని లేదు, ఇంజిన్ శక్తిని ఒక రబ్బరు బెల్టు రెండు కప్పీల మీదుగా చక్రాలకు అందిస్తుంది, పెద్ద గేరు, చిన్న గేరు అని రెండే ఉంటాయి. మొదటి రెండు పంటలూ మేము పెద్ద గేరులోనే తిప్పాము, ఎందుకంటే బండి ఎలాగూ ఎక్కుతున్నదన్న ధీమా. బరువుతో నిలువు ఎక్కుడులో పెద్ద గేరు వాడితే చక్రం మెల్లగా తిరుగుతుంది, ఇంజిన్ గట్టిగా తిరుగుతుంది, ఆ రెంటి మధ్య బెల్టు జారి కాలుతుంది. సీటు కింద నుంచి రబ్బరు మాడిన వాసన వస్తుంటే మేము దాన్ని ఎండ వేడి అనుకున్నాము. మీటరు 900 దగ్గర, 2020 జనవరిలో, నడిరాత్రి రెండో ఒర్రె ఎక్కుతుండగా బెల్టు తెగింది. బెల్టు ఒక్కదానికే పన్నెండు వేలు పెట్టాము. తర్వాత వేసిన బెల్టు, ఎక్కుడు కనిపించగానే ఆగి చిన్న గేరు వేసే అలవాటు వచ్చినందువల్ల, నేటికీ నడుస్తున్నది. అంటే తప్పు బెల్టుది కాదు, మాది. ఒర్రెలో నీళ్ళు మోకాలి దాకా ఉన్నప్పుడు దాటితే బెల్టు పెట్టెలోకి నీరు చేరి బండి కదలకుండా ఊరికే మొరుగుతుంది. అప్పుడు పెట్టె అడుగున ఉండే బిరడా తీసి నీరు వంచి, గేరు వేయకుండా రెండు నిమిషాలు ఇంజిన్ తిప్పితే ఆరిపోతుంది. ఈ బిరడా ఎక్కడ ఉందో పగలే చూసి పెట్టుకోవాలి.

చిన్న గేరుకున్న రెండో ఉపయోగం దిగుడులో తెలుస్తుంది. కొన్ని బండ్లలో యాక్సిలరేటర్ వదలగానే ఇంజిన్ చక్రాలను పట్టి ఉంచుతుంది, కొన్నింటిలో బెల్టు వదులై బండి తనంతట తాను జారిపోతుంది, అప్పుడు భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. గులకరాళ్ళ మీద బ్రేకు గట్టిగా పడితే చక్రం ఆగుతుంది గాని బండి ఆగదు. కొనేముందు అమ్మేవారిని అడిగి ఒక వాలు దగ్గరకు తీసుకుపోయి, చిన్న గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి దింపి చూడాలి. నా లెక్కలో మిగిలిన గుణాలన్నీ ఈ ఒక్కదాని తర్వాతే.

ఎక్కుడులో ప్రమాదం వేరు విధంగా వస్తుంది. 2019 ఫిబ్రవరిలో వెనుక క్యారేజీ మీద పచ్చి పల్లి బస్తాలు రెండు కట్టి, బాయి మీది గట్టు ఎక్కుతుండగా ముందు చక్రాలు గాలిలోకి లేచాయి. నేను పై వైపుకు దూకాను, బండి వెనక్కి బొర్లింది. మూడు వందల కిలోలకు పైబడిన ఆ బరువు నా కాలి మీద పడకపోవడం నా అదృష్టం. ఆ క్యారేజీ మీద ఎంత బరువు వేయవచ్చో స్టిక్కరు మీద రాసే ఉంది, మేము అంతకు మించి వేశాము. అప్పటి నుంచి బస్తాలన్నీ చిన్న ట్రాలీలోనే, ముందు క్యారేజీ మీద నీళ్ళ క్యాను. ఎక్కుడులో ఒంటిని ముందుకు వంచాలి, దిగుడులో వెనక్కి జరగాలి, అడ్డ వాలులో పై వైపుకు ఒరగాలి. ఒక్కరి కోసం చేసిన సీటు అంత పొడవుగా ఉండటానికి కారణం ఇదే. మనవాళ్ళు ఆ పొడవు చూసి వెనక ఇంకొకరిని ఎక్కించుకుంటారు. దయచేసి ఎక్కించుకోవద్దు. పిల్లల చేతికి తాళం చెవి అసలే ఇవ్వవద్దు. హెల్మెట్ లేకుండా మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ బండి ఎక్కరు.

టైర్ల విషయంలో మా నేలకు ఒక ప్రత్యేకమైన శత్రువు ఉంది. సర్కారు తుమ్మ ముల్లు కాదు, దానికి పంచరు దారం చాలు. పత్తి పీకకుండా కొడవలితో ఏటవాలుగా కోసి వదిలిన మోళ్ళు ఎండాకాలానికి మేకుల్లాగా అవుతాయి. అవి టైరు పక్క గోడను చీలుస్తాయి, పక్క గోడ చీలితే అతుకు పడదు. మేము కొన్నప్పుడు ఉన్న పలచని టైర్లు రెండు ఎండాకాలాల్లో పోయాయి, వాటి స్థానంలో ఆరు ప్లై (ఆరు పొరల బలమున్న) టైర్లు వేయించాము, నాలుగేళ్ళుగా అవే. అవే మోళ్ళు చక్రానికి లోపలి వైపు ఇరుసు కీలు మీద ఉండే రబ్బరు తొడుగును కూడా చింపుతాయి. తొడుగు చిరిగితే గ్రీజు కారి, దుబ్బ చేరి, వారం పది రోజుల్లో ఇరుసే పాడవుతుంది. 2021లో మేము అది చూసుకోలేదు. ఇరుసు విడిభాగం కోసం నగరంలోని సర్వీసు వారి చుట్టూ రెండు నెలలు తిరగవలసి వచ్చింది, ఆ రెండు నెలలూ సరిగ్గా కావలి కాలం. ఇప్పుడు రెండు తొడుగులు ముందే తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాము, బండి అడుగున దేవరకొండలో వెల్డింగ్ చేయించిన మూడు మిల్లీమీటర్ల ఇనుప రేకు బిగించాము. గాలి సంగతి కూడా చెప్పాలి. ఈ టైర్లకు పది పౌండ్ల లోపే గాలి ఉండాలి. పెట్రోలు బంకు మీటరు అంత తక్కువను సరిగా చూపదు, అక్కడ కొట్టించుకుంటే టైరు రాయిలా బిగిసి బండ మీద ఎగురుతుంది. తక్కువ పౌండ్లు చూపే చిన్న మీటరు, సైకిలు పంపు దగ్గర ఉంచుకుంటే చాలు.

వేడికి, దుమ్ముకు మా బండి మంచి మార్కులే తెచ్చుకుంది. మెల్లగా పోయే బండికి ఎదురుగాలి ఉండదు కాబట్టి చల్లదనమంతా రేడియేటర్ ఫ్యాను మీదే ఆధారపడుతుంది. గడ్డి గింజలు రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కుంటే ఫ్యాను ఎంత తిరిగినా లాభం లేదు, వెనుక వైపు నుంచి సన్నటి ధారతో కడగాలి. ఎర్ర చెలక దుమ్ముకు ఎయిర్ ఫిల్టరును ఎండాకాలంలో పదిహేను రోజులకొకసారి చూస్తాము. పెట్రోలు గంటకు రెండు లీటర్ల పైచిలుకు పడుతుంది. బండిని పల్లి కొట్టంలో పెట్టిన ఏడాది ఎలుకలు వైర్లు కొరికాయి, ఇప్పుడు రేకుల కింద ఆరుబయటే ఉంటుంది.

చప్పుడు గురించి నిజం చెప్పాలి, ఎందుకంటే నేను కొనడానికి సగం కారణం అదే. మొదటి ఏడాది ఇంజిన్ మోత వినగానే పందులు గుట్ట ఎక్కేవి. రెండో ఏడాదికి అవి ఆ మోతకు అలవాటు పడ్డాయి, బండి దూరంగా పోగానే తిరిగి దిగేవి. తండా నుంచి మాతో కావలికి వచ్చే పెద్దమనిషి ఒకనాడు, "బండి మోతకు కాదు పటేలా, మనిషి వాసనకు, కుక్క అరుపుకు భయపడ్తయి. నువ్వు బండి మీద ఉరుకుడు బంద్ చేసి మంచె ఎక్కు" అన్నాడు. ఆయన మాట నిజమైంది. ఇప్పుడు బండిని గాలి వాలు చూసి చేను పై అంచున ఆపి, ఇంజిన్ కట్టేసి, మంచె మీద కూర్చుంటాము. అలికిడి వినిపించిన వైపుకు మాత్రం నిమిషాల్లో చేరుతాము, నడిచి పోయే రోజుల్లో అది అరగంట పని. పంట దక్కడానికి ఆ తేడా చాలు. బండి ఒక్కటే కావలి కాస్తుందని అనుకొని కొంటే మాత్రం నిరాశ తప్పదు.

పాత బండి కొనబోయేవారికి ఇంకొంత చెప్పాలి. మన దేశంలో క్వాడ్ బండ్లలో చాలావాటికి రోడ్డు మీద తిరిగే రిజిస్ట్రేషన్ ఉండదు. మాదీ అంతే, సర్వీసుకు పంపాలంటే ట్రాలీ ఆటో ఎక్కించి వంద కిలోమీటర్ల పైన మోయించాలి, ఆ ఖర్చును ధరలో కలిపి లెక్క వేసుకోవాలి. అటవీ భూమిలోకి, ముఖ్యంగా అమ్రాబాద్ పులుల అభయారణ్యం వైపు, అనుమతి లేకుండా చక్రం పెట్టకూడదు. రిసార్టుల నుంచి చౌకగా వచ్చే నూటయాభై సీసీ చైను బండ్లు ఇసుకలో ఆడుకోవడానికి సరిపోతాయి. వెనుక చక్రాలు మాత్రమే లాగే ఆ బండ్ల చైనులో గడ్డి చుట్టుకుంటుంది, గుట్ట మీదకు అవి పనికి రావు. గంటల మీటరు ఎంత చూపినా నమ్మకుండా బెల్టు పెట్టె మూత విప్పించి లోపల నల్లటి పొడి, అంటే బెల్టు అరిగి రాలిన రబ్బరు, ఎంత ఉందో చూడండి, నాలుగు ఇరుసుల తొడుగులూ చేత్తో తడిమి చూడండి, నాలుగు చక్రాల మీట వేసి తడి మట్టిలో ముందు చక్రాలు నిజంగా తిరుగుతున్నాయా అని పక్కన నిలబడిన మనిషి చేత చూపించండి. మా బండికి ఈ మూడింటిలో మొదటి పరీక్ష మేము చేయలేదు, చేసి, బెల్టు అప్పటికే అరిగిందని తేలి ఉంటే ధరలో ఆ పన్నెండు వేలు తగ్గించి అడిగేవాళ్ళం.